అయ్యోలు అయిపోయేదాకా

ఆరో తరగతి నుంచీ మాబున్ని నలుగురిలో ఒక్కసారి కూడా కిందపడలేదు. అది ఆమె పంతం.

జమ్మలమడుగులో పరుపులు కుట్టే దూదేకుల ఖాసింపీరా కూతురామె. చిన్నప్పుడే ఒక లారీ ఆమె ఎడమకాలిని తొడ దాకా తీసుకుపోయింది. మోచేతికి తగిలించుకునే రెండు కర్రలతో నడక నేర్చుకుంది. మైలవరం కాలువలో ఈత నేర్చుకుంది. ఈత పోటీల్లో పతకాలు తెచ్చింది. ఇవన్నీ చేస్తుంటే చుట్టూ ఒకటే మాట వినపడేది. అయ్యో.

ఆరో తరగతిలో ఒకరోజు ప్రార్థన వేళ బడి ముందు బురదలో జారి పడింది. బడంతా ఒక్కసారిగా "అయ్యో" అంది. ఆమె లేచి నిలబడగానే హెడ్మాస్టరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. అయ్యో కన్నా ఆ చప్పట్లకే ఆమెకు ఎక్కువ మండింది. లేచి నిలబడితే చప్పట్లెందుకు? వీళ్ళంతా పొద్దున పక్కల మీద నుంచి లేవలేదా?

ఆ రోజే అనుకుంది, ఇక పడనని.

అలాంటి మనిషికి మంచు మీద జారే స్కీయింగ్ కోర్సులో చోటు దొరికింది. ఈత పోటీల్లో ఆమెను చూసిన ఒక కోచ్ పేరు పంపించాడు. టర్కీలో ఎర్జురుం అనే చలి ఊరు, దాని నెత్తిన పాలాందోకెన్ అనే కొండ. ఒక కాలు ఉన్నవాళ్ళకు ఒకే పలక మీద జారడం అక్కడ నేర్పుతారు. కోర్సు వాళ్ళు పంపిన కాగితంలో మొదటి మాటే ఆమెకు నచ్చలేదు. "మీరు చాలాసార్లు పడతారు. పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉంటారు."

ఊళ్ళో దర్గాలో పీరుసాబుకు ఆ కాగితం చూపించింది. చిన్నప్పటి నుంచీ ఆమె ఏ గొడవ వచ్చినా ఆయన దగ్గరికే పోతుంది.

"నేను పడను, నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు," అంది.

పీరుసాబు కాగితం మడిచి ఇచ్చేశాడు. "ఎర్జురుంలో మా ఇల్హామీ ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఇద్దరం ఒకే ఉస్తాదు దగ్గర చదువుకున్నాం. కోర్సుకు ముందు కొన్నాళ్ళు వాడి దగ్గర ఉండు. చలి అలవాటవుతుంది. వాడూ అలవాటవుతాడు."

బయల్దేరేటప్పుడు తల్లి ఏడ్చింది. "పడొద్దు తల్లా," అంది.

"పడనమ్మా," అంది మాబున్ని.

విమానం మారేచోట ఒకాయన చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎదురొచ్చాడు. వద్దంటే వినలేదు. మాబున్ని తన బ్యాగు తీసి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన బ్యాగును తోసుకుంటూ వస్తుంటే ఆమె పక్కనే కర్రలు టకటకలాడించుకుంటూ నడిచింది. అంత పెద్ద విమానాశ్రయంలో ఆ చివరి దాకా అలాగే పోయారు.

ఎర్జురుంలో దిగేసరికి ఊపిరి ముక్కులోనే గడ్డకట్టినట్టయింది. ఇళ్ళ చూరుల నుంచి మనిషి పొడుగున మంచు ఊచలు వేలాడుతున్నాయి. కాలిబాటలు గాజు పలకల్లా మెరుస్తున్నాయి. దూది మధ్య పెరిగిన పిల్ల కదా, మంచును చూసి దూది గుర్తొచ్చిందా అని తర్వాత ఎవరో అడిగారు. గుర్తురాలేదంది. దూది మీద పడితే దెబ్బ తగలదు.

ఇల్హామీని ఆ పేటంతా హోజా అంటారు. గురువు అని అర్థం. డెబ్భై దాటిన బక్కపలచని మనిషి. నల్లకోటు, ఉన్ని టోపీ, చేతిలో కర్ర. వీధిలో ఎదురుపడ్డవాళ్ళు ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి తాకించుకుంటారు. ఆయన నోట ఉర్దూ ఇంకా బతికే ఉంది, కాస్త పాతబడి. ఆమెకు వచ్చిన ఉర్దూ కొంచెమే అయినా ఇద్దరికీ సరిపోయింది. ఆమె ఆయన్ను బాబా అంది. ఆయన ఆమెను బేటీ అన్నాడు.

మొదటి సాయంత్రం ఇనుప పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని, టీ దాని మీదుగా తాగడం చూపించాడు.

"ఏం నేర్చుకోడానికి వచ్చావు బేటీ?"

"జారడం. అది కొండ మీద వాళ్ళు నేర్పుతారు. మీ దగ్గర నాకు ఒక్కటే కావాలి బాబా. పడకుండా ఉండటం."

"ఎందుకు?"

"పడితే జనం చూస్తారు."

"పడకపోతే చూడరా?"

"చూస్తారు. నోరు మూసుకుని చూస్తారు."

హోజా ఆమె గ్లాసు మళ్ళీ నింపాడు. "నాకది రాదు. ఈ ఊళ్ళో ఎవరికీ రాదు," అన్నాడు.

"అయితే నేనే నేర్చుకుంటా."

"పడవా?"

"పడను."

ఆయన ఇంకో చక్కెర గడ్డ ఆమె వైపు జరిపాడు.

మర్నాటి నుంచి మాబున్ని తెల్లవారగానే వీధిలోకి వెళ్ళేది. కర్రల అడుగున ఇనుప ముళ్ళు బిగించుకుంది. కర్ర గుచ్చడం, బరువు మోపడం, కాలు వెయ్యడం. మళ్ళీ కర్ర గుచ్చడం. అడుగు తీసి అడుగు వేసేలోగా నాలుగు వైపుల నుంచీ చేతులు వచ్చేవి. టర్కీ భాషలో ఆమె మొదట నేర్చుకున్న మాట "హయిర్". వద్దు అని. మర్యాదగా అనడం, గట్టిగా అనడం, కర్ర ఎత్తి అనడం, మూడూ వచ్చేశాయి.

సాయంత్రానికి మోచేతులు, మణికట్లు వాచిపోయేవి. హోజా భార్య ఫెరిదే వేడినీళ్ళ సీసా తెచ్చి ఏమీ మాట్లాడకుండా ఒళ్ళో పెట్టేది. అది మాత్రం మాబున్ని వద్దనలేదు.

గురువారం పొద్దున రొట్టెల కొట్టు ముందు ఒక సంగతి జరిగింది. కొట్టు మెట్ల దగ్గర మంచు బాగా నున్నబడింది. మాబున్ని కర్ర ఎక్కడ గుచ్చాలా అని చూసుకుంటుంటే, గుబురు మీసాల భారీ మనిషి ఒకాయన వెనకనుంచి వచ్చి అడగకుండా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"హయిర్," అంది.

ఆయన వదల్లేదు. నవ్వుతూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది. ఆ విదిలింపుకి ఆయన కాళ్ళు రెండూ ఒకేసారి గాల్లోకి లేచాయి. వెల్లకిలా పడ్డాడు. సంచిలోని రొట్టెలు దొర్లిపోయాయి.

మాబున్ని మాత్రం తన ఒంటికాలి మీద నిటారుగా నిలబడే ఉంది. నవ్వు తన్నుకొచ్చింది.

తర్వాత జరిగింది చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. వరసలో ఉన్నవాళ్ళు వరసలోనే ఉన్నారు. ఒకావిడ కాలికి తగిలిన రొట్టె తీసి ఆయన సంచిలో పడేసి తన దారిన పోయింది. ఆయన లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. వెళ్ళిపోయాడు. అసలు పడినట్టే లేదు.

ఆమె ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా మంటగా ఉంది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"బాబా, ఆయన పడితే ఏమీ కాదు. నేను పడితే తమాషా. ఆయన లేస్తే ఎవరూ చూడరు. నేను లేస్తే చప్పట్లు కొడతారు. ఎందుకిలా? ఆయనవి ఎముకలు, నావి కావా? నేల ఆయనకొకటీ నాకొకటీనా?"

హోజా కిటికీ దగ్గర కూర్చుని గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టుకుంటున్నాడు. చలికి ఆయన వేళ్ళు పగిలిపోతాయి. ఆమె చెప్పిందంతా విన్నాడు. చేతులు తుడుచుకున్నాడు.

"రేపు శుక్రవారం," అన్నాడు.

ఆమె ఎదురుచూసింది. ఆయన నీళ్ళ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాడు.

శుక్రవారం నమాజు అయ్యే వేళకు ఆమెను మసీదు బయట ఉండమన్నాడు. మసీదు ముందు వీధి ఏటవాలుగా కిందికి దిగుతుంది. పేటలో పిల్లలు జారి జారి దాని నడుమ ఒక బాట అద్దంలా నున్నగా చేసిపెట్టారు. పెద్దవాళ్ళంతా గోడ పట్టుకుని పక్కగా నడుస్తారు.

నమాజు ముగిసింది. జనం బయటికొచ్చారు. బూట్లు తొడుక్కుంటున్నారు, చేతులు రుద్దుకుంటున్నారు. హోజా వచ్చాడు. దారి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు చెయ్యి ముద్దుపెట్టుకున్నారు. ఆయన తిన్నగా మాబున్ని దగ్గరికి వచ్చి తన కర్ర ఇచ్చాడు.

"ఇది కాస్త పట్టుకో బేటీ."

ఆమె పట్టుకుంది. ఆయన నడిచివెళ్ళి, ఆ నున్నని మంచు మీద కాలు పెట్టాడు.

రెండో అడుగు పడనేలేదు. కాళ్ళు ముందుకు, ఒళ్ళు వెనక్కి. టోపీ ఎగిరిపోయింది. నల్లకోటు మంచు మీద గుడ్డలమూటలా జారుకుంటూ పోయి కింద ఆగింది.

"ఆమాన్ హోజా!" అని వీధి వీధంతా అరిచింది.

"అయ్యో బాబా!"

ఆ అరుపు ఎవరిదో మాబున్నికి ఒక క్షణం తెలియలేదు. తనదే. గబుక్కున నాలిక కరుచుకుంది.

అప్పటికే పాతిక మంది కిందికి పరిగెత్తారు. ఎన్నో చేతులు చాచారు. హోజా మంచులో చతికిలబడి కూర్చుని ఆ చేతులన్నిటినీ చూశాడు.

"హయిర్," అన్నాడు.

మోకాళ్ళ మీదికి లేచాడు. మళ్ళీ జారాడు. పక్కకి పాకి, గోడ పట్టుకుని, వణుకుతూ నిలబడ్డాడు. "మాషల్లా! మాషల్లా!" అన్నారు. ఎవరో ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒక కుర్రాడు చప్పట్లు కొట్టాడు. హోజా గోడ వెంబడి మెల్లగా పైకెక్కి వచ్చాడు. ఆయన అరచెయ్యి గీరుకుపోయింది. మాబున్ని కర్ర అందివ్వబోయింది. ఆయన దాని వంక చూడలేదు.

మళ్ళీ మంచు మీద కాలు పెట్టాడు.

ఈసారి పక్కకి పడ్డాడు. "ఆమాన్!" అన్నారు. కిందికి పరిగెత్తినవాళ్ళు ముందంతమంది లేరు. అదే వీధిలో ఉన్న ఇంట్లోంచి ఫెరిదే వచ్చి గుమ్మంలో నిలబడి గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది. ఏమంటోందో మాబున్నికి అర్థం కాకపోయినా, ఏమంటోందో తెలుస్తూనే ఉంది. హోజా లేచాడు. పైకొచ్చాడు. పడ్డాడు.

కిరాణా కొట్టాయన, "హోజాకి మతి చలించిందా?" అన్నాడు. ఇంకొకాయన ఏదో మాట చెప్పి పక్కనున్నవాళ్ళను నవ్వించాడు. హోజా పెద్ద కొడుక్కి ఫోను చేద్దామని ఒకాయన అన్నాడు గానీ నంబరు ఎవరి దగ్గరా లేదు. హోజా లేచాడు. పైకొచ్చాడు. ఆయాసపడుతున్నాడు. గడ్డం నిండా మంచు.

పడ్డాడు.

మాబున్ని జనం వంక చూస్తూ నిలబడింది. ఒక్కొక్క మొహమే చూసింది. మొదట నోరు తెరిచినవాళ్ళు ఇప్పుడు ఆవలిస్తున్నారు. ఇద్దరు పప్పుసూపు సంగతి మాట్లాడుకుంటున్నారు. ఇంకా పడతాడా అని ఒకడు అడిగితే, పడతాడులే అని ఇంకొకడు గడియారం చూసుకున్నాడు. చలి పెరిగింది. ఒకరి వెనక ఒకరు కదిలారు. చప్పట్లు కొట్టిన కుర్రాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు.

ఆఖరికి పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చి ఫెరిదే కూడా లోపలికి పరిగెత్తింది.

హోజా ఇంకోసారి పడి, మంచు మీద వెల్లకిలా ఉండగా, కూరగాయల సంచితో ఒకాయన ఆ దారినే వచ్చాడు. హోజా కాళ్ళకు అడ్డం రాకుండా పక్కనుంచి నడిచాడు.

"సలాం హోజా," అన్నాడు.

"వాలేకుం సలాం," అన్నాడు హోజా పడుకునే.

ఆయన వెళ్ళిపోయాడు. వీధిలో ఇక ఎవరూ లేరు.

మాబున్ని గోడ పక్కగా కర్రలు గుచ్చుకుంటూ కిందికి దిగి ఆయన దగ్గరికి చేరింది. ఆయన లేచి కూర్చున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం పండగనాటి పిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

"బేటీ, నేను మొదటిసారి పడ్డప్పుడు నువ్వొక మాట అన్నావు. ఏమిటది?"

ఆమె తల వంచుకుంది. "అయ్యో."

"అంటే?"

ఆమె చెప్పబోయింది. ఉర్దూలో దానికి మాటలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"పోనీలే," అన్నాడు హోజా. "చూడు, ఈ వీధిలో అది ఇంకా ఎవరి దగ్గరైనా మిగిలి ఉందా?"

ఆమె పైకి చూసింది. కిందికి చూసింది. మూసిన తలుపులు, పొగగొట్టాలు.

"లేదు బాబా."

"అయితే ఇక నేర్చుకోవచ్చు," అని ఆయన చెయ్యి చాచాడు.

ఆమె ఆ చేతిలో ఆయన కర్ర పెట్టింది. ఆయన లేచేదాకా ఊరికే నిలబడింది. తర్వాత తన కర్రలు రెండూ తీసి గోడకు ఆనించి, మంచు మీద కాలు పెట్టింది.

ఆమె పడ్డప్పుడు హోజా టోపీలోని మంచు దులుపుకుంటున్నాడు. తలెత్తి చూడలేదు.

సోమవారం కొండ మీద కోర్సు మొదలైంది. కాలికి ఒక పొడుగాటి పలక బిగించారు. చేతులకు రెండు కర్రలు ఇచ్చారు, వాటి చివర్లలో చిన్న చిన్న పలకలున్నాయి. ఆమె పక్కన ఉండటానికి సెవ్గి అనే అమ్మాయిని పెట్టారు. సెవ్గి ఆ కొండ మీదే పుట్టినట్టు జారుతుంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"నీ నడుం పట్టుకుంటాను," అంది సెవ్గి.

"పట్టుకోవద్దు. దూరంగా ఉండు."

"పడతావు."

"పడతా," అంది మాబున్ని.

పడింది. సెవ్గి కేక పెట్టింది. పైకి తీసుకెళ్ళే తాడు దగ్గర నిలబడ్డ పర్యాటకులు నోళ్ళు తెరిచారు. ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. మాబున్ని లేచింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. మాబున్ని ఆమెను తేరిపార చూసి, ఆమె ముందే మళ్ళీ పడింది. లేచింది. భుజం మీద పడింది. మొహం మీద పడింది. మంచు మెడలోంచి వీపులోకి పోయింది. పలక అడ్డం తిరిగి పడింది, నిటారుగా ఉండగానే ఏ కారణమూ లేకుండా పడింది. ఒంట్లో నొప్పి లేనిచోటు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చప్పట్ల ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఆమె గమనించలేదు.

మధ్యాహ్నం దాటాక ఒకసారి పలక తిన్నగా సాగింది. గాలి చెవుల్లో హోరుమంది. కాలువలో ఎదురీత తప్ప తెలియని ఒళ్ళు, దేన్నీ ఎదిరించకుండా కిందికి పోతోంది. ఆమె గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది. అది ఏ భాషలోదీ కాదు. తర్వాత కర్ర తట్టుకుని, బాటకు సరిగ్గా నడుమ బోర్లా పడింది.

పైన నలుగురైదుగురు దిగడానికి కాచుకుని ఉన్నారు. సెవ్గి కంచె మీద కూర్చుని నువ్వుల రొట్టె తింటోంది. మాబున్ని వంక చూడను కూడా లేదు. నోటినిండా రొట్టెతోనే విసుక్కుంది.

"లే త్వరగా! దారికి అడ్డంగా ఉన్నావు!"

మాబున్ని మంచులోంచి తల ఎత్తింది. నోట్లో మంచు ఉమ్మేసింది. మొహమంతా నవ్వు పాకింది.

"ఏమన్నావు? ఇంకోసారి అను," అంది.